ఏ లిపిలో టైపు చేసినా దొరకాలంటే: సెర్చ్ ఇండెక్స్ కోసం లిపి మార్పిడి, అడుగడుగునా

"డేటా అంతా తెలుగులో ఉంది. వెతికేవాళ్లేమో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తున్నారు. ఒక్క ఫలితం కూడా రావట్లేదు. ఏం చేయాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఒకరికి తెలుగు, హిందీ కలిసి ఉంటాయి. ఇంకొకరి దగ్గర ఒకే పేరు ఐదు రకాలుగా రాసి ఉంటుంది. అందరికీ పనికొచ్చేలా, పని చేయాల్సిన వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణలన్నీ లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ మీద నడిచే ఎలాస్టిక్‌సెర్చ్, సోలర్ అనే సెర్చ్ ఇంజిన్లను దృష్టిలో పెట్టుకుని ఇచ్చాను. వేరే ఇంజిన్ వాడుతున్నా వరుస మారదు, ఫిల్టర్ల (మాటను మార్చే భాగాల) పేర్లు మాత్రమే మారతాయి.

చేయబోయేది ఇదీ: డేటానూ వెతికే మాటనూ ఒకే లిపిలోకి మార్చి, ఇండెక్స్‌లో, అంటే వెతకడానికి ఇంజిన్ కట్టుకునే మాటల పట్టికలో, పోల్చడం. అలా మార్చిన రూపం చదవడానికి కాదు, పోల్చడానికి. అది తాళంచెవి లాంటిది, అందంగా ఉండక్కర్లేదు. మార్చేటప్పుడు కొంత సమాచారం పోతుంది, పోనివ్వండి. డాక్యుమెంట్ వైపు ఎంత పోయిందో, వెతికే మాట వైపు కూడా సరిగ్గా అంతే పోవాలి. కింద చెప్పే నియమాలన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

## 1. మొదలుపెట్టే ముందు

కోడ్ తెరవకముందే ఈ జాబితా పూర్తి చేయండి.

- డేటాలో ఏయే లిపులు ఉన్నాయి? ఊహించొద్దు. ప్రతి అక్షరానికి యూనికోడ్‌లో (అక్షరాలకు కోడ్ నంబర్లిచ్చే ప్రమాణంలో) లిపి అనే లక్షణం ఉంటుంది, దాంతో లెక్కపెట్టించండి.
- వెతికేవాళ్లు ఏ లిపిలో టైపు చేస్తున్నారు? సెర్చ్ లాగ్ ఉంటే ఫలితాలు సున్నా వచ్చిన మాటలను వేరుగా తీయండి. మీ టెస్ట్ డేటా అదే.
- ప్రతి రికార్డుకూ భాష ఏదో రాసి ఉందా? లిపి తెలిసినంత మాత్రాన భాష తెలిసినట్టు కాదు. దేవనాగరిలో హిందీ, మరాఠీ, నేపాలీ, సంస్కృతం అన్నీ ఉంటాయి.
- పాఠం నిజంగా యూనికోడేనా? పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లు తెర మీద తెలుగులాగే కనిపిస్తాయి. ఫాంట్ మార్చి చూస్తే అర్థం లేని రోమన్ గుర్తులు బయటపడతాయి. వాటిని ముందు యూనికోడ్‌కి మార్చుకోవాలి. అది వేరే పని, దాన్ని ఇందులో కలపొద్దు.
- ఐసీయూ లైబ్రరీ ఇన్‌స్టాల్ అయి ఉందా? ఆసుపత్రిది కాదు, యూనికోడ్ పనుల కోసం ఉన్న లైబ్రరీ. ఎలాస్టిక్‌సెర్చ్‌కి దీన్ని ప్లగిన్‌గా విడిగా పెట్టుకోవాలి.

## 2. అసలు పాఠాన్ని ముట్టుకోవద్దు

మొదట్లో నేనే ఈ తప్పు చేశాను. ఒక పుస్తకాల జాబితాలో శీర్షికలన్నింటినీ రోమన్‌లోకి మార్చి, వచ్చిన ఫలితాన్ని అదే ఫీల్డులో రాసేశాను. వెతుకులాట బాగా నడిచింది. రెండు వారాల తర్వాత తెలుగు శీర్షికలు తెర మీద చూపించమన్నారు. వెనక్కి మారిస్తే 'పాట' కాస్తా 'పాత' అయింది. బ్యాకప్ దొరికేదాకా నా టెన్షన్ ఎంతో చెప్పలేను.

కాబట్టి ఒకే ఫీల్డుకి కింద ఉపఫీల్డులు పెట్టండి.

- అసలు రూపం: చూపించడానికి, అచ్చంగా అదే మాట వెతికినప్పుడు దొరకడానికి.
- శుభ్రం చేసిన రూపం: అదే లిపిలో, గుర్తుల తేడాలు మాత్రమే సరిచేసింది.
- తాళంచెవి రూపం: రోమన్‌లోకి మార్చి, బాగా మడత పెట్టింది, అంటే రకరకాల స్పెల్లింగులను ఒకటి చేసింది.

మార్పిడిని బయట స్క్రిప్టులో కాకుండా ఇంజిన్ అనలైజర్ (పాఠాన్ని ముక్కలు చేసి మార్చే భాగం) లోపలే పెట్టండి. అలా చేస్తే ప్రతి టోకెన్‌కీ (విడగొట్టిన మాటకీ) అసలు పాఠంలో దాని చోటు గుర్తుంటుంది, దొరికిన మాటను రంగు వేసి చూపించడం సరిగ్గా పనిచేస్తుంది. బయట మార్చి తెస్తే రంగు పక్క మాట మీద పడుతుంది.

## 3. లిపి మార్చే ముందు శుభ్రం చేయండి

మనకి ఒకటే అనిపించే రెండు మాటలు కంప్యూటర్‌కి వేరువేరు కావచ్చు. తెలుగులో నాలుగు చోట్ల ఇది తగులుతుంది.

ఐత్వం. 'ై' గుర్తును ఒకే కోడ్‌గా, అంటే 3144గా రాయొచ్చు. 3142, 3158 అనే రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. చూడ్డానికి తేడా ఉండదు. ఎన్‌ఎఫ్‌సి నార్మలైజేషన్ రెండింటినీ ఒకటి చేస్తుంది.

కనిపించని గుర్తు. 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనపడేలా రాయడానికి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెడతాం, దాని కోడ్ 8204. కొందరు అది లేకుండా 'సాఫ్ట్వేర్' అని రాస్తారు. ఇండెక్స్‌కి ఇవి రెండు వేరు మాటలు. 8204తో పాటు 8205ని కూడా తీసేయండి, కానీ ఉపఫీల్డులోనే. అసలు పాఠంలో తీసేస్తే తెర మీద ఒత్తులు మారిపోతాయి.

సున్నా. సంపద, సమ్పద. సున్నాను తర్వాతి అక్షరాన్ని బట్టి పలుకుతాం కాబట్టి రాసేటప్పుడు రెండు దారులూ పట్టేవాళ్లున్నారు. దీన్ని ఏడో మెట్టులో పరిష్కరిద్దాం.

అంకెలు. ౧౯౯౫ అని ఉన్నదాన్ని 1995 అని వెతుకుతారు. లూసీన్‌లో అన్ని లిపుల అంకెలనూ మామూలు అంకెలుగా మార్చే ఫిల్టర్ ఉంది, పెట్టేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఐసీయూ ఫోల్డింగ్ ఫిల్టర్ చేతిలో ఉంది కదా అని తెలుగు పాఠం మీద నేరుగా వదలొద్దు. అది యాస గుర్తులను తీసే ఫిల్టర్. భారతీయ లిపుల పొల్లు కూడా ఆ గుర్తుల పట్టికలో పడొచ్చు. 'అమ్మ' ఇచ్చి బయటికి ఏమొస్తుందో చూడండి. పొల్లు ఎగిరిపోయి 'అమమ' వస్తుంటే, ఆ ఫిల్టర్‌కి ఏ అక్షరాలను ముట్టుకోకూడదో చెప్పే సెట్టింగ్ ఉంది, అందులో పొల్లును చేర్చండి. నేనైతే తెలుగు లిపిలో ఉండగా ఫోల్డింగ్ జోలికే వెళ్లను, రోమన్‌కి మార్చాక వాడతాను.

## 4. ముందు ముక్కలు, తర్వాత మార్పిడి

వరుస ఇలా ఉండాలి: అక్షర స్థాయి శుభ్రత, టోకెనైజర్ (పాఠాన్ని మాటలుగా విడగొట్టేది), ఆ తర్వాతే లిపి మార్చే ఫిల్టర్.

తెలుగులో మాటల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి వరుస తప్పినా పెద్దగా తేడా కనపడదు. జపనీస్, చైనీస్, థాయ్‌లలో మాటల మధ్య ఖాళీ ఉండదు. వాటిని ముందే రోమన్ చేసేస్తే, మాటలు విడగొట్టే నిఘంటువుకి అసలు అక్షరాలు అందవు.

ఇంకో గోతి కూడా ఉంది. ఐసీయూలో ఏ లిపినైనా రోమన్‌కి మార్చే నియమం ఒకటుంది. అన్నీ కలిసిన డేటాకి అదే హాయి అనిపిస్తుంది. అయితే జపనీస్‌లో చైనా అక్షరాలతో రాసిన 'టోక్యో'ను అది చైనీస్ ఉచ్చారణలో చదివి 'దోంగ్ జింగ్' అంటుంది. తప్పు ఆ నియమానిది కాదు, లిపి ఒక్కటే చూస్తే అంతకంటే తెలియదు. జపనీస్‌కి కురోమోజీ లాంటి అనలైజర్‌తో ఉచ్చారణ తీసి, దాన్ని మార్చాలి. భాష తెలిసిన ప్రతిచోటా ఆ భాషకు విడి అనలైజర్ పెట్టండి. అన్నింటికీ పనికొచ్చే నియమాన్ని ఏ భాషో తెలియని రికార్డులకు మాత్రమే ఉంచండి.

## 5. ఒక భారతీయ లిపి నుంచి మరో దానికి

యూనికోడ్‌లో మన లిపుల పట్టికలు దాదాపు ఒకే అమరికలో ఉంటాయి. దేవనాగరిలో 'క' 2325, తెలుగులో 3093. తేడా 768. తెలుగు నుంచి కన్నడకి తేడా 128. దీంతో చాలామంది "ఆ అంకె కూడితే చాలు కదా" అని మొదలుపెడతారు.

తెలుగు, కన్నడల మధ్య ఆ లెక్క చాలావరకు నడుస్తుంది. హిందీ దగ్గరికొచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి.

హిందీ 'డాక్టర్' (डॉक्टर)లోని 'ॉ' గుర్తు కోడ్ 2377. దానికి 768 కూడితే 3145. తెలుగులో ఆ చోటు ఖాళీ, అక్కడ అక్షరమే లేదు. ఇండెక్స్‌లోకి ఎవరూ ఎప్పటికీ టైపు చేయలేని గుర్తు చేరుతుంది. మన 'ఎ', 'ఏ' తేడాను హిందీ మామూలుగా రాయదు, 'ఒ', 'ఓ' తేడా కూడా అంతే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, కాబట్టి తమిళం నుంచి తెలుగుకి వచ్చేటప్పుడు ఏది అన్నది ఊహ మాత్రమే.

వీటన్నింటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాట చివరి 'అ'. హిందీలో 'కంప్యూటర్' అని పలికినా చివర పొల్లు రాయరు. అక్షరానికి అక్షరం మారిస్తే 'కంప్యూటర' వస్తుంది. మనం రాసేది 'కంప్యూటర్', ఇంకొందరు 'కంప్యూటరు'. ఒకే వస్తువుకి మూడు టోకెన్లు. మందు కూడా ఏడో మెట్టులోనే ఉంది.

అందుకే నా సలహా: భారతీయ లిపులను ఒకదాన్నుంచి ఒకదానికి జతలు జతలుగా మార్చొద్దు. ఐదు లిపులుంటే ఇరవై దారులవుతాయి. అన్నింటినీ ఒకే రోమన్ తాళంచెవికి తీసుకురండి, ఐదు దారులతో పని అయిపోతుంది.

## 6. రోమన్‌కి మార్చడం

ఐసీయూలో తెలుగు నుంచి రోమన్‌కి నియమం సిద్ధంగా ఉంది. అది 2001లో వచ్చిన ఐఎస్‌ఓ 15919 ప్రమాణానికి దగ్గరగా రాస్తుంది: దీర్ఘాలకు పైన గీత, ట-డ-ణ-ళలకు కింద చుక్క. పండితుల పనికి బ్రహ్మాండంగా ఉంటుంది. వెతికే మనిషి మాత్రం అలా టైపు చేయడు.

'కృష్ణ'ను ఇందులో వేసి చూద్దాం. ప్రమాణం ప్రకారం వచ్చిన రూపంలో గీతలు, చుక్కలు తీసేస్తే మిగిలేవి కె, ఆర్, ఎస్, ఎన్, ఏ. ఋత్వం గుర్తు ఒట్టి 'ఆర్'గా మిగిలింది, 'ష'లో హెచ్ లేదు. మనిషి టైపు చేసేది కె, ఆర్, ఐ, ఎస్, హెచ్, ఎన్, ఏ. ఈ రెండూ జన్మలో కలవవు. "ఐసీయూ పెట్టినా రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

పరిష్కారం మార్పిడికి ముందే ఉంది. తెలుగు లిపిలో ఉండగానే ఒక మ్యాపింగ్ పెట్టండి: 'ృ' కనిపిస్తే '్రి', 'ఋ' కనిపిస్తే 'రి'. 'కృష్ణ' ముందు 'క్రిష్ణ' అవుతుంది, తర్వాత రోమన్. 'రు' అని పలికి టైపు చేసేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్ల కోసం 'ృ'ను '్రు'గా మార్చే ఇంకో ఉపఫీల్డు పెడితే సరిపోతుంది.

## 7. మడత నియమాలు

అసలు పని ఇక్కడే. రోమన్ రూపం వచ్చాక, గీతలు చుక్కలు తీసేసి, అన్నీ చిన్నక్షరాలు చేసి, ఈ నియమాలను ఇదే వరుసలో నడపండి.

1. సి-హెచ్-హెచ్ ఉంటే సి చేయండి. ఆ తర్వాత సి-హెచ్‌ను కూడా సి చేయండి.
2. ఎక్స్ ఉంటే కె-ఎస్.
3. ఎస్-హెచ్ ఉంటే ఎస్.
4. పి-హెచ్ ఉంటే ఎఫ్.
5. కె, జి, జె, టి, డి, బి తర్వాత హెచ్ ఉంటే ఆ హెచ్ తీసేయండి.
6. డబ్ల్యూ ఉంటే వి. జెడ్ ఉంటే జె.
7. జంట ఏ ఉంటే ఒక ఏ. జంట ఈ, జంట ఐ ఉంటే ఒక ఐ. జంట ఓ, జంట యూ ఉంటే ఒక యూ.
8. కె, జి, సి, జె, టి, డి ముందు ఎమ్ ఉంటే ఎన్.
9. మాట నాలుగు అక్షరాలు దాటితే చివరి ఏ లేదా యూ తీసేయండి.

'లక్ష్మి'తో సరిచూద్దాం. తెలుగు వైపు నుంచి వచ్చేది ఎల్-ఏ-కె-ఎస్-ఎమ్-ఐ. మధ్యలో ఎస్-హెచ్ పెట్టి టైపు చేసినా, ఎక్స్‌తో రాసినా, చివర జంట ఈ పెట్టినా మడత తర్వాత అన్నీ అదే రూపానికి వస్తాయి. 'అచ్చు'ను సి-సి-హెచ్ అని, సి-హెచ్-సి-హెచ్ అని రెండు రకాలుగా రాస్తారు. ఒకటో నియమంతో రెండూ కలిసిపోతాయి.

వరుస తప్పితే ఏమవుతుందో 'ఛాయ' చెబుతుంది. మొదటే సి-హెచ్‌ను సి చేస్తే, హెచ్ రెండుసార్లు కొట్టి టైపు చేసినవాళ్ల మాటలో ఒక హెచ్ మిగిలిపోతుంది. డేటా వైపు ఆ హెచ్ ఉండదు. పొడవైన నియమం ఎప్పుడూ ముందు నడవాలి.

ఎనిమిదో నియమం సున్నా చిక్కును తీరుస్తుంది. 'గంగ'ను ఐసీయూ ఎమ్‌తో రాస్తుంది, మనిషి ఎన్‌తో టైపు చేస్తాడు. నిజంగానే 'మ్' ఉన్న కొన్ని మాటలు కూడా ఎన్ అయిపోతాయి. అవనివ్వండి, రెండు వైపులా అవుతుంది కదా.

తొమ్మిదోది కంప్యూటర్, కంప్యూటర, కంప్యూటరు మూడింటినీ ఒకటి చేస్తుంది. 'పుస్తకం', 'పుస్తకము' కూడా దీంతోనే కలుస్తాయి. హిందీ మాటల మధ్యలో పలకని 'అ' మాత్రం దీనికి లొంగదు.

జంట హల్లులను ఒకటి చేయాలని కొందరికి అనిపిస్తుంది. మొదటి రోజే చేయొద్దు. 'కల', 'కల్ల' ఒకటైపోతే జనం ఊరుకోరు.

ఈ నియమాలకు ఒక హద్దు ఉంది. 'కంప్యూటర్' కోసం ఎవరైనా ఇంగ్లీషు స్పెల్లింగే కొడితే ఏ మడతా పనిచేయదు, ఎందుకంటే అది మన ఉచ్చారణను అనుసరించి రాసింది కాదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలకు పర్యాయపదాల జాబితా విడిగా పెట్టాల్సిందే.

## 8. వెతికే వైపు ఏం చేయాలి

తాళంచెవి ఫీల్డుకి, ఇండెక్స్ చేసేటప్పుడూ వెతికేటప్పుడూ ఒకే అనలైజర్ ఉండాలి. వెతికే మాట తెలుగులో వస్తే మార్పిడి జరుగుతుంది. రోమన్‌లో వస్తే లిపి మార్చే ఫిల్టర్ దాన్ని అలాగే వదిలేస్తుంది, మడత మాత్రం పడుతుంది. విడిగా లిపి గుర్తించే కోడ్ అక్కర్లేదు.

తర్వాత బరువులు, అంటే ఏ ఫీల్డులో దొరికితే ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్నది. మడత పెట్టాక 'పాట', 'పాత' రెండూ ఒకటే రూపం. కాబట్టి తాళంచెవి ఫీల్డుకి అసలు ఫీల్డుతో సమాన గౌరవం ఇస్తే ఫలితాలు గందరగోళం అవుతాయి. అసలు రూపానికి 10, శుభ్రం చేసినదానికి 4, తాళంచెవికి 1, ఇలా మొదలుపెట్టి మీ డేటాను బట్టి సర్దుకోండి. మూడు ఫీల్డుల స్కోర్లను కూడే బదులు వాటిలో పెద్దదాన్నే తీసుకునే డిస్‌మ్యాక్స్ క్వెరీ నాకు బాగా పనిచేసింది. కూడితే ఒకే మాటకు మూడుసార్లు మార్కులు వేసినట్టే.

స్టెమింగ్ గురించి కూడా అడుగుతుంటారు. 'పుస్తకంలో', 'పుస్తకాలు' నుంచి ప్రత్యయాలు తీసే ఫిల్టర్ తెలుగు లిపి మీదే పనిచేస్తుంది. దాన్ని శుభ్రం చేసిన ఫీల్డులో పెట్టండి. తాళంచెవి ఫీల్డులో పెడితే తెలుగు వైపు ప్రత్యయం పోతుంది, రోమన్ వైపు ఉండిపోతుంది, లెక్క తప్పుతుంది.

## 9. పరీక్ష

ఎలాస్టిక్‌సెర్చ్‌లో మాట ఇస్తే ఏయే టోకెన్లు వస్తాయో చూపించే అనలైజ్ అనే పిలుపు ఉంది. సోలర్‌లో దీనికి ఒక పేజీయే ఉంటుంది. డాక్యుమెంట్లు ఎక్కించకముందే ఇక్కడ కూర్చోండి.

రెండు జాబితాలు రాసుకోండి. మొదటిది తప్పక కలవాల్సిన జతలు: సాఫ్ట్‌వేర్ రెండు రూపాలు, లక్ష్మి నాలుగు రూపాలు, గంగ, ఋషి-రిషి, అంకెలు. రెండోది ఎప్పటికీ కలవకూడని జతలు: అమ్మ-అమమ, కల-కల్ల. చాలామంది మొదటిది రాసి ఆగిపోతారు. నియమాలు పెంచుకుంటూ పోతే చెడేది రెండోదే. ఒక్కో జాబితాలో 50 జతలుంటే మొదలుపెట్టడానికి చాలు. వీటిని ఆటోమేటిక్ టెస్టులుగా పెట్టి, నియమం మారిన ప్రతిసారీ నడపండి.

## 10. ఏదైనా పనిచేయకపోతే

- తెలుగులో వెతికితే వస్తుంది, రోమన్‌లో రాదు: అనలైజ్‌లో రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టి మొదటి తేడా ఎక్కడుందో చూడండి. చాలాసార్లు ఋత్వమో, సి-హెచ్చో, సున్నానో అయి ఉంటుంది.
- పెద్దక్షరాలతో కొడితే రాదు: చిన్నక్షరాల ఫిల్టర్ మడత నియమాల తర్వాత ఉంది, ముందుకు జరపండి.
- ఉర్దూ మాటలు దొరకవు: ఆ లిపిలో హ్రస్వ అచ్చులు సాధారణంగా రాయరు. 'కితాబ్'లో 'ఇ' కాగితం మీదే ఉండదు. అచ్చులన్నీ తీసేసి హల్లులతో మాత్రమే పోల్చే ఇంకో ఉపఫీల్డు, తక్కువ బరువుతో పెట్టండి.
- చైనీస్‌లో సంప్రదాయ, సరళ రూపాలు కలవవు: రెండు వైపులా సరళ రూపానికే మార్చండి. 'వెంట్రుక', 'పంపడం' అనే మాటలకు సంప్రదాయ రూపంలో వేరు అక్షరాలు, సరళ రూపంలో ఒకటే. వెనక్కి వెళ్లాలంటే ఊహించాలి.
- సెర్బియన్ రెండు లిపుల్లో ఉంది: సొంతంగా రాయొద్దు. లూసీన్‌లో సిరిలిక్‌నూ రోమన్‌నూ ఒకే సాదా రూపానికి తెచ్చే ఫిల్టర్ ఉంది.
- ఇండెక్సింగ్ నెమ్మదించింది: ఏ లిపినైనా మార్చే నియమం బదులు మీకు కావాల్సిన లిపి నియమం ఒక్కటే పెట్టండి.

## 11. నియమం మార్చిన రోజు

మడతలో ఒక్క నియమం మార్చినా పాత డాక్యుమెంట్లు పాత తాళంచెవులతోనే ఉంటాయి. వెతికే వైపేమో కొత్త నియమం. ఎర్రర్ రాదు, ఫలితాలు మాత్రం నిశ్శబ్దంగా తగ్గిపోతాయి. ఐసీయూ వెర్షన్ పెంచినప్పుడూ ఇదే జరగొచ్చు.

- నియమాల ఫైలుకి ఒక వెర్షన్ నంబరు ఇచ్చి, ఇండెక్స్ పేరులో అదే నంబరు పెట్టండి.
- కొత్త పేరుతో ఇండెక్స్ కట్టి, అసలు ఫీల్డు నుంచి మొత్తం రీఇండెక్స్ చేయండి.
- తొమ్మిదో మెట్టులోని రెండు జాబితాలనూ కొత్త ఇండెక్స్ మీద నడపండి.
- సున్నా ఫలితాల మాటల్ని పాతదాంట్లో, కొత్తదాంట్లో వెతికి పోల్చండి.
- అప్లికేషన్ వాడే అలియాస్‌ను (ఇండెక్స్‌కి పెట్టే మారుపేరును) కొత్తదానికి తిప్పండి. పాత ఇండెక్స్‌ను ఒక వారం అలాగే ఉంచండి.